ఆర్బిట్రేషన్ మాట వినగానే బేరం ఎందుకు ఆగిపోతుంది: రాయగడ మిల్లు వేతన వివాదంపై సమాధానం

ముందు మీరు అడిగినది క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా. ఒడిశాలోని రాయగడ దగ్గర మీరు పనిచేసే మిల్లులో వేతన ఒప్పందం మార్చితో ముగిసింది. యూనియన్ నెలకు 4,500 రూపాయల పెంపు అడిగింది. యాజమాన్యం 1,800 దగ్గర ఆగిపోయింది. కన్సిలియేషన్‌లో, అంటే ప్రభుత్వ అధికారి ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీకి చూసే దశలో, లేబర్ ఆఫీసర్ "ఇద్దరూ ఒప్పుకుంటే ఆర్బిట్రేషన్‌కు వెళ్లండి" అన్నారు. అంటే ఇద్దరూ ఎంచుకున్న ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఇచ్చే తీర్పుకు కట్టుబడాలి, ఆ తీర్పునే అవార్డు అంటారు. ఆ మాట వచ్చిన తర్వాత జరిగిన మీటింగుల్లో ఎవరూ రూపాయి కూడా కదల్లేదు. కమిటీలో కొందరు "వెళ్దాం, ఎలాగూ మధ్యలో మూడు వేల పైన ఇస్తారు" అంటున్నారు. ఇంకొందరు "సమ్మె హక్కు పోతుంది, సంతకం పెట్టొద్దు" అంటున్నారు. యూనియన్ సెక్రటరీగా ఏం చేయాలో తెలియక మీకు టెన్షన్ పట్టుకుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకోవచ్చు. కానీ ఇప్పుడున్న 4,500 అంకెతో వెళ్లొద్దు, యాజమాన్యం లాయరు రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఒప్పుకున్నాక కూడా బేరం ఆపొద్దు. రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల్లో యూనియన్ల తరఫున చాలా ఏళ్లు వేతన చర్చల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డు కంటే, ఆర్బిట్రేటర్ వస్తాడన్న ఊహే మీ జీతాల మీద ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. ఆ ప్రభావం మీ మిల్లులో ఇప్పటికే మొదలైంది.

ఎలాగంటే, మీ కమిటీ మిత్రుల లెక్క చూడండి. 4,500కీ 1,800కీ నడిమి 3,150. ఇదే లెక్క అవతల హెచ్‌ఆర్ మేనేజరు కూడా వేస్తాడు కదా. ఆయన 1,800 నుంచి 2,400కు వస్తే నడిమి 3,450కి పెరుగుతుంది. అంటే రేపు కట్టాల్సిన దాంట్లో తన చేతులారా 300 పెంచుకున్నట్టు. మీరు 3,700కు దిగితే నడిమి 2,750కి పడిపోతుంది. సభ్యుల జేబులోంచి 400 తీసి ఇచ్చినట్టే. అవార్డు సగానికి వస్తుందని ఇద్దరూ నమ్మినప్పుడు, దిగిన ప్రతి వంద రూపాయలకూ యాభై నష్టం. అందుకే ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. ఇందులో మొండితనం కన్నా లెక్కే ఎక్కువ. ఆర్బిట్రేషన్ ఉన్న చోట చర్చలు ఇలా గడ్డకట్టడం ప్రపంచమంతటా చూసినదే. మీ ఆఖరి మీటింగుల్లో జరిగినది కూడా అదే.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, ఆ లెక్క సగమే నిజం. అనుభవం ఉన్న ఆర్బిట్రేటర్ రెండు అంకెలూ తీసుకుని రెండుతో భాగించి లేచిపోడు. కాగితాలు చదివాక, సాక్ష్యాలు విన్నాక ఈ మిల్లులో న్యాయమైన పెంపు ఎంత అన్న అంకె ఆయన మనసులో ఒకటి తయారవుతుంది. మీ అంకె దానికి దగ్గరగా ఉంటే అటు మొగ్గుతాడు. బాగా దూరంగా ఉంటే దాన్ని పక్కన పెట్టేస్తాడు. అమెరికాలో ఆర్బిట్రేటర్ల నిర్ణయాలను పరిశీలించిన హెన్రీ ఫార్బర్, ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్, డేవిడ్ బ్లూమ్ వంటి ఆర్థికవేత్తలు ఇదే తేల్చారు. ఆర్బిట్రేటర్లు వేర్వేరు మనుషులైనా కొలిచే కొలత దాదాపు ఒకటేనని వాళ్ల పరిశీలన. కాబట్టి 4,500 అడిగితే నడిమి పైకి జరుగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. నిరూపించలేని అంకె చెప్తే, నిరూపించగలిగే వాదన కూడా దానితో పాటే చులకనైపోతుంది.

ఈ విషయంలో మన దేశంలో అందరూ తెలుసుకోవాల్సిన ఉదాహరణ 1918 అహ్మదాబాద్. ప్లేగు రోజుల్లో మిల్లు కార్మికులకు ఇచ్చిన బోనస్‌ను యజమానులు ఆపేయాలనుకున్నారు. దాని బదులు కార్మికులు 50 శాతం పెంపు కావాలన్నారు. గాంధీ ఆ అంకెను అలాగే తలకెత్తుకోలేదు. బొంబాయిలో ఎంత ఇస్తున్నారు, అహ్మదాబాద్‌లో ధరలు ఎంత పెరిగాయి అని లెక్కలు చూసి 35 శాతం న్యాయం అని తేల్చి, కార్మికుల్ని ఆ అంకెకు ఒప్పించారు. యజమానులు 20 శాతం దగ్గర ఆగారు. లాకౌటు, సమ్మె, చివర గాంధీ నిరాహార దీక్ష తర్వాత ప్రొఫెసర్ ఆనందశంకర్ ధ్రువను ఆర్బిట్రేటర్‌గా పెట్టుకున్నారు. కుదిరిన ఏర్పాటు చూడండి: మొదటి రోజు 35 శాతం, రెండో రోజు 20 శాతం, ఆ తర్వాత అవార్డు వచ్చేదాకా నడిమి లెక్క 27.5 శాతం. ఆ నడిమి మధ్యంతర చెల్లింపుకే పరిమితమైంది. ధ్రువ ఇచ్చిన తుది తీర్పు 35 శాతం. 50 శాతంతో వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ కార్మికుల అంకె వెనక లెక్క ఉందన్నది ఆ వివాదంలో వాళ్లకున్న పెద్ద బలం. ఇంకో సంగతి, అవార్డు వచ్చేదాకా చేతికి ఎంత అందాలన్నది ముందే రాసుకున్నారు. యాజమాన్యం మీకిచ్చిన కాగితంలో ఆ మాటే లేదు.

ఇక మన దగ్గర ఆర్బిట్రేటర్ దేన్ని చూస్తాడో చెప్తాను. వేతన వివాదాల్లో మన కోర్టులు, ట్రిబ్యునళ్లు దశాబ్దాలుగా నడిచిన దారి ఒకటుంది, ఆర్బిట్రేటర్లు కూడా ఎక్కువగా అదే దారిలో నడుస్తారు. ఆ ప్రాంతంలో అదే రకం పరిశ్రమల్లో ఎంత ఇస్తున్నారు, సంస్థకు ఇచ్చే స్తోమత ఎంత, కార్మికుడి కుటుంబ అవసరాలు ఎంత. కనీస వేతనం దగ్గర స్తోమత ప్రశ్నే రాదు. అది కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కు లేదని 1950లలోనే సుప్రీంకోర్టు చెప్పింది. దాని పైన, న్యాయమైన వేతనం ఎంత అన్న దగ్గర స్తోమత లెక్కలోకి వస్తుంది. అవసరాలను కొలవడానికి 1957లో 15వ ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ (ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కలిసి కూర్చునే సభ) ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. సంపాదించే ఒక్కరి మీద మూడు యూనిట్ల కుటుంబం (ఖర్చులో ముగ్గురు పెద్దవాళ్లకు సమానం), పెద్దవాళ్లకు రోజుకు 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, కరెంటు, చిల్లర ఖర్చులకు 20 శాతం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపమంది. ఈ సూత్రంలో రాయగడ ధరలు వేసి ఒక పేజీ లెక్క తయారు చేయండి. మీ 4,500కు వెనక ఇలాంటి పేజీ ఉందా? లేకపోతే ముందు చేయాల్సిన పని అదే.

ఒక విచారణ గుర్తొస్తోంది. రాయగడలోనే ఒక గెస్ట్‌హౌస్ హాల్లో జరిగింది. ఆర్బిట్రేటర్ రిటైర్డ్ జడ్జి, తక్కువ మాట్లాడే మనిషి. యూనియన్ తరఫున ధరల సూచీలు, పత్రికల కటింగులు చాలానే పెట్టారు. ఆయన వాటిని పక్కకు జరిపి, "ఈ మిల్లులో పనిచేసే ఒకరి ఇంటి ఖర్చు చూపించండి" అన్నారు. ఒక ఫిట్టర్ భార్య కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెచ్చింది. అట్ట చిరిగిపోయి, కొట్టాయన తెలుగులో గీసిన పద్దులు. పాతిక కిలోల బియ్యం బస్తా, కందిపప్పు, పామాయిల్ ప్యాకెట్లు, ఉల్లిపాయలు. వెనక పేజీల్లో ఆమె స్వయంగా రాసుకున్నవి: గ్యాస్ బండ, మామగారి బీపీ మాత్రలు, పార్వతీపురంలో చదివే కూతురి రానుపోను చార్జీలు. కంపెనీ లాయరు లేచి దీని మీద కొట్టు ముద్ర లేదు, భాష కూడా మాకు తెలియదు అన్నారు. జడ్జిగారు ఆమెనే చదవమన్నారు. ఆమె తెలుగులో చదువుతుంటే యూనియన్ కుర్రాడు ఒడియాలో చెప్పాడు. చదవడం అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే, "మొన్న ఒప్పందం జరిగిన ఏడాది పుస్తకం ఉందా అమ్మా?" ఉంది. సంచిలోంచి తీసింది. అవే సరుకులు, అప్పటి ధరలు. ఆయన రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. అవార్డులో ఆ పుస్తకం పేరు లేదు, ఉండదు కూడా. కానీ జీవన వ్యయం మీద రాసిన పేరాలో కంపెనీ చెప్పిన లెక్కను ఆయన ఒప్పుకోలేదు. మీ సభ్యుల ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయో ఈ వారమే అడగండి. రెండు మూడు రకాల ఇళ్లవి తీసుకోండి, సొంత ఇల్లున్నవాళ్లవి, అద్దె కట్టేవాళ్లవి.

సరిహద్దు జిల్లా కావడం మీకు లాభం కూడా, చిక్కు కూడా. పోలికకు యాజమాన్యం ఒడిశా లోపలి జిల్లాల్లోని చిన్న యూనిట్లను తెస్తుంది. మీరు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు చూపించాలి. ప్రాంతం అంటే రాష్ట్రం గీత దగ్గర ఆగిపోవాలన్న నియమం లేదు. కార్మికులు ఏ మార్కెట్లో కొంటున్నారు, మిల్లు మనుషుల్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది, మంచి ఫిట్టరు మానేస్తే ఎక్కడికి వెళ్తున్నాడు అన్నవి చూపిస్తే ప్రాంతం దానంతట అదే తేలుతుంది. మానేసి గీత దాటి వెళ్లినవాళ్ల పేర్లు, ఏ పనికి వెళ్లారు, అక్కడి పే స్లిప్పులు దొరికితే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. చిక్కేమిటంటే కనీస వేతనాల నోటిఫికేషన్లు, వాటిలోని వర్గాలు రెండు రాష్ట్రాల్లోనూ వేరు. స్కిల్డ్, సెమీ స్కిల్డ్ అన్న పేరు ఒకటే అయినా పని ఒకటి కాకపోవచ్చు. పేరుకు పేరు కాకుండా పనికి పని పోల్చండి. పోలికకు తెచ్చిన యూనిట్ ఏ సరుకు చేస్తుంది, ఎంతమంది ఉన్నారు అన్నది కూడా పక్కనే రాయండి. లేకపోతే అవతలి లాయరు మొదటి అరగంటలోనే దాన్ని కొట్టేస్తాడు.

పెంపు ఎక్కడ పడుతుందన్నది కూడా అంకెతో సమానమే. వెయ్యి రూపాయలు అలవెన్సులో పడితే ఒక లెక్క, బేసిక్‌లో పడితే ఇంకో లెక్క. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కడుతున్న చోట వెయ్యి పెరిగితే యాజమాన్యం వాటా నెలకు 120 పెరుగుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసు మీద గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు చేతికొచ్చే మొత్తం) ఒక్కటే 11,538 రూపాయలు పెరుగుతుంది, నెలకు 26 పనిదినాలుగా ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. కొత్త లేబర్ కోడ్‌ల నిర్వచనం ప్రకారం వేతనం లెక్కలోంచి మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ దాటిన భాగం వేతనంలోనే కలుస్తుంది. ఈ సంగతి తెలిసిన యాజమాన్యం బేసిక్‌లో 2,000 ఇవ్వడానికి వెనకాడుతూ వేరే పేరుతో 2,600 ఇస్తానని రావచ్చు. రెండింటిలో ఏది మేలో సర్వీసు ఎక్కువ ఉన్నవాళ్లకు ఒకలా, కొత్తవాళ్లకు ఒకలా ఉంటుంది. ఆర్బిట్రేటర్‌కు ఇలాంటి సర్దుబాట్లు చేసే ఓపిక గానీ సమాచారం గానీ ఉండవు. ఇది బల్ల దగ్గర మీరూ మేనేజరూ కూర్చుని చేసుకోవాల్సిన పని. సెటిల్‌మెంట్‌కు అవార్డు మీద ఉన్న అసలు ఆధిక్యం ఇదే అంటాను. షిఫ్టు అలవెన్సు, క్యాంటీన్, వారసులకు ట్రైనింగ్, మెడికల్ ఇవన్నీ ఇచ్చిపుచ్చుకోవచ్చు. అవార్డులో మీరు అడిగినదాని మీద తీర్పు మాత్రమే వస్తుంది.

సమ్మె హక్కు గురించి మీ మిత్రుల భయం ఉత్తదేమీ కాదు. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 10ఏ సెక్షన్ కింద ఉన్న స్వచ్ఛంద ఆర్బిట్రేషన్ ఇప్పుడు కోడ్‌లో 42వ సెక్షన్. సంతకం పెట్టినవాళ్లు రెండు వైపులా మెజారిటీకి ప్రతినిధులని ప్రభుత్వం తృప్తిపడి నోటిఫికేషన్ ఇస్తే, విచారణ నడిచినంతకాలం, ముగిశాక 60 రోజుల దాకా సమ్మె చట్టవిరుద్ధం. లాకౌటు కూడా అంతే. ఇదే సమయంలో వివాదానికి సంబంధించిన సర్వీసు షరతుల్ని కార్మికులకు నష్టం కలిగేలా యాజమాన్యం తనంతట తాను మార్చకూడదు. సమ్మెను ఊరికే వదులుకుంటున్నట్టు కాదు, దానికి బదులుగా ఏదో తీసుకుంటున్నట్టు చూడండి. తీసుకోవాల్సినది ఏమిటి? అవార్డుకు గడువు తేదీ, ఏప్రిల్ 1 నుంచి వర్తింపు, ఈలోగా మధ్యంతర పెంపు. ఈ మూడూ లేకుండా సమ్మె హక్కు పక్కన పెడితే మీకు మిగిలేది ఎదురుచూపే. యాజమాన్యానికి ఆలస్యంలో నష్టం లేదు, మీకు ప్రతి నెలా ఉంది. ఆర్బిట్రేషన్ ఎవరికి అనుకూలం అన్నది చాలాసార్లు ఈ ఆలస్యమే తేలుస్తుంది.

ఆర్బిట్రేషన్ వద్దనుకుంటే ఉన్న దారి కూడా తెలుసుకోండి. కోడ్ ప్రకారం కన్సిలియేషన్ విఫలమైనట్టు రిపోర్టు చేతికొచ్చాక 90 రోజుల్లో ఏ పక్షమైనా నేరుగా పారిశ్రామిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. పాత చట్టంలో లాగా ప్రభుత్వం వివాదాన్ని అక్కడికి పంపేదాకా (రిఫర్ చేసేదాకా) కాచుక్కూర్చోవాల్సిన పని లేదు. దీనివల్ల మీ బేరం బలం కొంచెం పెరిగింది, ఎందుకంటే "ప్రభుత్వం రిఫర్ చేయదులే" అన్న ధీమా యాజమాన్యానికి ఇప్పుడు లేదు. కానీ ట్రిబ్యునల్ అంటే వాయిదాలు, హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, తర్వాత హైకోర్టులో రిట్. ఆర్బిట్రేటర్ అవార్డు మీద కూడా హైకోర్టుకు వెళ్లొచ్చు, 1970లలో సుప్రీంకోర్టు తేల్చిన రోహతాస్ ఇండస్ట్రీస్ కేసు నుంచి ఆ దారి ఖాయమైంది. అయితే ఇద్దరూ కలిసి ఎంచుకున్న మనిషి ఇచ్చిన అవార్డును, కారణాలు సరిగ్గా రాసి ఉంటే, సవాలు చేయడం ఎవరికైనా కష్టమే. అందుకే ఎవరిని పెట్టుకోవాలన్నది పేరుతో సహా ఒప్పందంలో ఉండాలి. "తర్వాత నిర్ణయిస్తాం" అన్న వాక్యం ఒప్పుకోవద్దు. ఆర్బిట్రేటర్లు ఇద్దరైతే అంపైర్ (వాళ్లిద్దరికీ కుదరకపోతే తేల్చే మూడో మనిషి) పేరు కూడా అక్కడే రాయాలి.

నోటిఫికేషన్ విషయంలో పొరపాటు జరిగితే అవార్డే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. పాత చట్టం కింద ఆర్బిట్రేషన్ ఒప్పందాన్ని గెజిట్‌లో ప్రచురించడం తప్పనిసరి అని 1989లో కర్నాల్ లెదర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ ప్రభుత్వానికీ కన్సిలియేషన్ ఆఫీసర్‌కూ పంపి రసీదు దగ్గర పెట్టుకోండి. మీ మిల్లులో రెండో యూనియన్ కూడా ఉందన్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. మెజారిటీ నోటిఫికేషన్ లేకపోతే అవార్డు సంతకం పెట్టినవాళ్లకే పరిమితమయ్యే చిక్కు వస్తుంది. కాంట్రాక్టు కార్మికులు పరిధిలో ఉన్నారా లేదా అన్నది రిఫరెన్స్‌లో (ఆర్బిట్రేటర్‌కు ఏం అప్పగిస్తున్నారో రాసే భాగంలో) ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయించండి, ఉంటే కాంట్రాక్టర్ల చేత కూడా సంతకం పెట్టించండి. గోడౌనులో, లోడింగులో పనిచేసేవాళ్లు ఎక్కువమంది వాళ్లే కదా. వాళ్లను మరిచిపోయిన ఒప్పందం నాకు ఎప్పుడూ సగం ఒప్పందమే అనిపిస్తుంది. యాజమాన్యం ఇచ్చిన డ్రాఫ్టులో "వేతన సవరణ విషయం" అని మాత్రమే ఉంది. అది చాలదు. ఆర్బిట్రేటర్ అధికారం అంతా ఆ కాగితంలోంచే వస్తుంది. అందులో లేనిదాన్ని ఆయన ఇవ్వలేడు, ఇస్తే నిలవదు.

ఇప్పుడు గడ్డకట్టిన బేరాన్ని కదిలించే మార్గం ఒకటి చెప్తాను. 1966లో కార్ల్ స్టీవెన్స్ అనే అమెరికన్ పండితుడు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఇద్దరూ తమ ఆఖరి అంకె మూసిన కవరులో ఇస్తారు, ఆర్బిట్రేటర్ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే ఎంచుకోవాలి, నడిమికి రావడానికి వీల్లేదు. ఇందులో విపరీతంగా అడిగినవాడు ఓడిపోతాడు కాబట్టి ఇద్దరూ తమంతట తామే దగ్గరకు వస్తారని ఆయన ఆలోచన. అక్కడి బేస్‌బాల్ ఆటగాళ్ల జీతాలకు 1974 నుంచి ఈ పద్ధతే నడుస్తోంది, చాలా కేసులు విచారణ దాకా రాకుండానే తెగిపోతాయి. న్యూజెర్సీ రాష్ట్రం 1977 చట్టంతో పోలీసులకూ ఫైర్ సిబ్బందికీ దీన్ని పెట్టింది. అక్కడ మూడింట రెండు వంతుల కేసుల్లో యూనియన్లే గెలిచాయి. ఆర్బిట్రేటర్లు యూనియన్ల పక్షమని కాదు. ఓడిపోతామన్న భయంతో యూనియన్లే మెత్తని అంకెలు వేశాయని ఆషెన్‌ఫెల్టర్, బ్లూమ్ వివరించారు. కేసులు గెలిచారు గానీ అంకె దగ్గర ముందే తగ్గారు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. భయం ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లే ముందు దిగుతారు.

మన చట్టంలో ఈ పద్ధతి పేరుతో లేదు. కానీ స్వచ్ఛంద ఆర్బిట్రేషన్ కాబట్టి ఇద్దరూ ఒప్పుకుని కాగితంలో రాసుకోవచ్చు. మీ మిల్లుకు పూర్తిగా ఆ పద్ధతి పెట్టమని నేను చెప్పను. జీవితాలు ఆధారపడిన దాన్ని ఒక్క కవరు మీద పెట్టడం నాకు ఇష్టం ఉండదు. దానికి బదులు పైహద్దు, కిందిహద్దు రాసుకోండి. ఉదాహరణకు 2,400కు తగ్గకుండా, 3,600కు మించకుండా అవార్డు ఉండాలని. ఈ హద్దుల మీద మాట్లాడటం మొదలుపెట్టగానే విచిత్రంగా బేరం మళ్లీ మొదలవుతుంది. "మా అంకె 1,800" అని మొండికేసిన మేనేజరే "కిందిహద్దు 2,200 అయితే చూద్దాం" అంటాడు, ఎందుకంటే అది ఆయనకు రాయితీలా అనిపించదు. హద్దులు దగ్గరపడి ఐదారు వందల తేడాకు వచ్చాయంటే ఆర్బిట్రేటర్ ఫీజు, లాయరు ఫీజు లెక్కేసుకుని అక్కడే సెటిల్ చేసుకునే అవకాశం చాలా ఎక్కువ. అలా కుదిరితే కన్సిలియేషన్ ఆఫీసర్ ముందే సంతకాలు చేయండి. ఆయన ముందు జరిగిన సెటిల్‌మెంట్ మిల్లులో అందరికీ, రేపు చేరేవాళ్లకు కూడా వర్తిస్తుంది.

అవార్డు తర్వాత సంగతి కూడా ఆలోచించాలి. న్యూజెర్సీ పోలీసుల మీదే అలెగ్జాండర్ మాస్ 2006లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఆర్బిట్రేషన్‌లో పోలీసులు ఓడిన ఊళ్లలో ఆ తర్వాత అరెస్టులు తగ్గాయి, నేరాల ఫిర్యాదులు పెరిగాయి. అడిగినదానికీ వచ్చినదానికీ తేడా పెద్దదైన కొద్దీ ఆ ప్రభావం కూడా పెరిగింది. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఈ మాట వాడండి. ఓడించి నెగ్గిన 500 రూపాయలు మిషన్ దగ్గర ఎంత పోగొడుతుందో ప్రొడక్షన్ మేనేజరుకు బాగా తెలుసు, హెచ్‌ఆర్‌కు తెలియకపోవచ్చు. అదే మాట మీకూ వర్తిస్తుంది. సభ్యులకు 4,500 ఆశ చూపించి 2,900 తెస్తే, 2,900 మంచి అవార్డే అయినా గేటు దగ్గర మీరు ముఖం చూపించలేరు. ఇప్పటి నుంచే జనరల్ బాడీలో నిజం చెప్పండి.

రైల్వేలో పనిచేసే మీ బావగారి మాట కూడా రాశారు, ఆయన చెప్పిన ఆర్బిట్రేషన్ వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1966 నుంచి ఉన్న జేసీఎం (ప్రభుత్వమూ ఉద్యోగ సంఘాలూ కలిసి చర్చించే వేదిక) ఏర్పాటులో జీతభత్యాలు, వారపు పని గంటలు, సెలవుల మీద ఒప్పందం కుదరకపోతే ఆర్బిట్రేషన్ తప్పనిసరి, దాని మీద పార్లమెంటుకు పైచేయి ఉంటుంది. మీది ఇద్దరూ ఒప్పుకుంటేనే జరిగేది. ఆయన అనుభవంతో పోల్చుకోవద్దు.

చివరగా, ప్రతిసారీ ఆర్బిట్రేషన్‌కే వెళ్దాం అన్న ఆలోచన కమిటీలో మొదలైతే మొదట్లోనే తుంచండి. ఒకసారి వెళ్లినవాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లడం, బల్ల దగ్గర మాట్లాడే అలవాటు తప్పిపోవడం చాలా చోట్ల జరిగింది. ఇలాంటి ప్రమాదాన్ని మన ప్రాంతం మనిషే గట్టిగా చెప్పాడు. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ప్రభుత్వం తీర్పరిగా కూర్చుంటే యూనియన్లు ఎదగవు, యజమానులు మాట్లాడరు అన్నది ఆయన వాదన. ముందు నేరుగా చర్చలు, కుదరకపోతే ఇద్దరూ కోరుకున్న ఆర్బిట్రేటర్, ఇదే ఆయన చెప్పిన క్రమం. 1954లో బ్యాంకు ఉద్యోగులకు లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తీర్పు వచ్చాక దాన్ని తలదాల్చాలన్నది ఆయనకు అంత పట్టుదల ఉన్న విషయం. మీ మేనేజరుకూ మీ కమిటీకీ ఆ క్రమం గురించి చెప్పండి. ఆర్బిట్రేషన్ చివరి మెట్టుగా ఉంటే దాని నీడలో మంచి సెటిల్‌మెంట్లు పుడతాయి.

ఈ వారం చేయాల్సినవి ఇవి. 15వ లేబర్ కాన్ఫరెన్స్ సూత్రంలో రాయగడ ధరలతో లెక్క వేసి, మిల్లు గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు ముందు పెట్టుకుని, మీరు సాక్ష్యంతో నిలబెట్టగలిగే అంకె ఒకటి తేల్చండి. అది 3,600 అవుతుందో 3,300 అవుతుందో లెక్కే చెప్తుంది. యాజమాన్యం డ్రాఫ్టుకు బదులు మీ డ్రాఫ్టు మీరే రాయించండి. దాన్ని జనరల్ బాడీలో తెలుగులో, ఒడియాలో, కువి మాట్లాడేవాళ్లు ఉన్నారు కాబట్టి వాళ్లకు అర్థమయ్యే వ్యక్తి చేత వాళ్ల భాషలో చదివించండి. తీర్మానం మీద హాజరైన అందరి సంతకాలు, వేలిముద్రలు టోకెన్ నంబర్లతో సహా తీసుకోండి. రేపు మెజారిటీ ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు లేబర్ ఆఫీసర్ ముందు పెట్టాల్సిన కాగితం అదే. డ్రాఫ్టు తయారయ్యాక, సభ్యుల పేర్లు, కంపెనీ పేరు కొట్టేసి ఇక్కడే పెట్టండి, ప్రతి క్లాజూ చూసి చెప్తాను.